తాండూరు పాత సున్నపురాయి క్వారీకి పిల్లల్ని తీసుకెళ్లాలి, తెలిసినవాళ్లు చెప్పండి

మియాపూర్_టీచర్: తొమ్మిదో తరగతి పిల్లలకు సున్నపురాయి పొరలు చూపించాలి. సిటీలో ఎటు చూసినా గ్రానైటే. తాండూరు దగ్గర పని ఆగిపోయిన క్వారీ అయితే బాగుంటుందనుకుంటున్నాను. పర్మిషన్ ఎవరినడగాలి? రాయి ముక్కలు తెచ్చుకోవచ్చా?

ఉప్పల్_వాసి: తాండూరు బండల మాటెత్తకండి! బాత్రూంలో నీలం బండలు వేయించాం. శుభ్రం చేయడానికి వచ్చినతను యాసిడ్ పోశాడు. బుసబుసా నురగ. పాలిష్ మొత్తం పోయి, చెయ్యి పెడితే గరుకు. డబ్బులెవరిస్తారు?

బండల_బస్వరాజ్: యాసిడ్ పోస్తే అంతే సార్. నిమ్మరసం పడినా మచ్చే. బండను అనకండి, పోసినోణ్ణి అనండి. మాది తాండూరే, తాతల నాటి పని. పైన నల్లరేగడి, దాని కింద పెళుసు రాయి తీసేస్తే చపాతీలు పేర్చినట్టు పొరలు. సందులో ఉలి పెట్టి వరసగా కొట్టుకుంటూ పోతే బండ దానంతటదే లేస్తుంది. గ్రానైట్‌తో ఆ సుఖం లేదు.

గోల్కొండ_గాలి: గ్రానైట్‌ను అనొద్దు భయ్యా. మా కోట గుట్ట వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. సముద్రం వచ్చి మీ సున్నపు బురద పరిచింది ఇలాంటి గ్రానైట్ మీదే.

బండల_బస్వరాజ్: పాలిష్ గ్రానైట్ మీద జారిపడ్డోళ్లనడుగు, వయసు చెప్తారు.

నల్లకుంట_నాని: మా హాల్లో తాండూరు బండ మీద ఆకు శిలాజం ఉంది! నల్లగా, ఈనెలతో సహా. మ్యూజియానికి ఇద్దామనుకుంటున్నాం.

రాళ్లపిచ్చి: ఆకు కాదండీ. పొరల సందుల్లో నీరు ఇంకి, మాంగనీసు ఆక్సైడ్ కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. డెండ్రైట్ అంటారు. మీ తాండూరు బండ భీమా బేసిన్‌ది, అంటే పాతకాలపు సముద్రం పల్లంలో పేరుకున్న రాయి. దాని వయసు 54 కోట్ల ఏళ్లకు పైమాటే. నేల మీద మొక్కలు వచ్చింది సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట. ఇక ఆకెక్కడిది?

నల్లకుంట_నాని: చూడకుండానే తీర్పా? మా బావగారు బాటనీ లెక్చరర్. ఆయన ఆకే అన్నారు.

రాళ్లపిచ్చి: నాది ఉస్మానియా ఎమ్మెస్సీ జియాలజీ. బావగారిని లెన్సు పెట్టి చూడమనండి. పగులు అంచు దగ్గర మొదలై లోపలికి పాకి ఉంటుంది. ఆకు అలా పెరగదు.

నల్లకుంట_నాని: డిగ్రీలు మా ఇంట్లోనూ ఉన్నాయి లెండి.

మియాపూర్_టీచర్: నా పర్మిషన్ సంగతి?

వికారాబాద్_అక్క: లీజుదారునడగండి, లేదంటే జిల్లా గనుల శాఖ ఆఫీసులో. వానల తర్వాత మాత్రం వద్దమ్మా. పాత క్వారీల్లో నీళ్లు నిండుతాయి, అంచులు నిట్టనిలువు, పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. దారిలో అనంతగిరి దగ్గర ఆపండి. అక్కడి ఎర్రరాయి వేరే కథ. దక్కను లావా పైభాగం లక్షల ఏళ్ల వానలకు మాగి అలా అయింది. మూసీ పుట్టేదీ అక్కడే.

బండల_బస్వరాజ్: మేడం, ముక్కల గురించి టెన్షన్ వద్దు. క్వారీ బయట వేస్ట్ గుట్టలే ఉంటాయి, ఓనర్‌కు ఒక మాట చెప్పి తీసుకోండి. వచ్చేటప్పుడు కందిపప్పు మర్చిపోకండి, 2022లో మా కందికి జీఐ ట్యాగ్ వచ్చింది.

నల్లకుంట_నాని: ఫొటో పెట్టాను. ఇప్పుడు చెప్పండి.

రాళ్లపిచ్చి: స్కేలు లేకుండా ఫొటో ఏంటండీ? పక్కన రూపాయి బిళ్ల పెట్టి మళ్లీ తీయండి.