గ్రాండ్ కాన్యన్ అవతలి గోడ ఫోటోలో తెల్లగా ఎందుకు వచ్చింది?

ట్రైపాడ్_రావు: వేసవిలో గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు మీద నుంచి ఫోటోలు తీశాను. మబ్బు లేదు, పొగమంచు లేదు. దగ్గరి రాళ్ళు ఎర్రగా బాగానే వచ్చాయి, అవతలి గోడ మాత్రం వెలిసిపోయినట్టుంది. లెన్స్ సమస్యా? దరిదాపుల్లో ఫ్యాక్టరీ ఒక్కటీ కనపడలేదు, పొల్యూషన్ అనుకుందామన్నా!

కొండచూపు: లెన్స్‌ని తిట్టకండి రావు గారూ, అది చాలావరకు గాలి పనే. బొగ్గు కరెంటు ప్లాంట్ల నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సన్నటి సల్ఫేట్ కణాలుగా మారి వందల కిలోమీటర్లు పోతుంది. కాబట్టి ఫ్యాక్టరీ కంటికి కనపడక్కర్లేదు. అవతలి గోడ నుంచి మీకు రావలసిన వెలుగును ఆ కణాలు చెదరగొడతాయి. అది చాలదన్నట్టు, ఎటో పోవలసిన ఎండను మీ కంట్లోకి మళ్ళిస్తాయి. రంగు చచ్చిపోయి తెలుపు మిగిలేది ఇందుకే. వేసవి అన్నారు కాబట్టి కార్చిచ్చు పొగ కూడా అయ్యుండొచ్చు.

నీలిగీత: అమెరికా తూర్పున ఉన్న స్మోకీ పర్వతాల్లో ఇంకా ఘోరం. కానీ అక్కడి పొగ సహజమేనంటారు కదా?

కొండచూపు: సగం నిజం. చెట్లు వదిలే ఆవిరుల వల్ల వచ్చే పల్చటి నీలం సహజమే. దాని మీద పరుచుకునే బూడిద తెలుపు మాత్రం మన పుణ్యమే. తూర్పున తేమ ఎక్కువ, సల్ఫేట్ కణాలు నీటిని పీల్చి ఉబ్బుతాయి. అందుకే అంతే కాలుష్యానికి అక్కడ చూపు ఇంకా తగ్గుతుంది.

ట్రైపాడ్_రావు: దీనికి చట్టం ఏమీ లేదా అండీ?

కొండచూపు: ఎందుకు లేదు! 1977లోనే అమెరికా స్వచ్ఛ గాలి చట్టంలో దీన్ని చేర్చారు. 1999 నాటి నిబంధన ప్రకారం 156 పార్కుల్లో, అడవుల్లో సహజమైన చూపు తిరిగి రావాలి, గడువు 2064. గడువు చూస్తే నవ్వొస్తుంది గానీ పని జరగలేదనలేం. కాన్యన్‌కి దగ్గర్లోని నవాహో బొగ్గు ప్లాంటు సల్ఫర్‌ను 90 శాతం తగ్గించాలని 1991లో ఆదేశించారు, 2019లో అది మూతే పడింది. తూర్పు పార్కుల్లోనూ 1990ల కంటే ఇప్పుడు చాలా నయం.

ఈసారి వెళ్తే వాన వెలిసిన మర్నాడు తీయండి. పోలరైజర్ (లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్) ఆకాశాన్ని ముదురు చేస్తుంది గానీ ఈ తెల్లదనాన్ని పూర్తిగా తీసేయదు. పార్కు వాళ్ళ వెబ్‌క్యామ్ ఉంది, బయల్దేరే ముందు అందులో చూసుకోండి.