అమ్మానాన్నలతో రింగ్‌వుడ్ తోటలకు

జెర్సీ సిటీ నుంచి:
నమస్తే అండీ. మేము ఇక్కడికొచ్చి మూడు నెలలైంది. ఏప్రిల్ చివర్లో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. అమ్మకి పూలమొక్కలంటే ప్రాణం. నాన్నకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరికీ నచ్చే చోటు చెప్పండి.

పార్సిప్పనీ నుంచి:
చెల్లెమ్మా, రింగ్‌వుడ్ స్టేట్ పార్కులో స్కైలాండ్స్ ఎస్టేట్‌కి తీసుకెళ్లు. న్యూజెర్సీ బొటానికల్ గార్డెన్ అంటే అదే, 96 ఎకరాలు. అక్కడ క్రాబ్ యాపిల్ చెట్లు దారికి రెండు పక్కలా దాదాపు అర మైలు పొడవునా ఉంటాయి. మామూలుగా మే మొదట్లో పూస్తాయి. గాలివానొస్తే రేకులన్నీ రాలిపోతాయి, కాబట్టి జెట్‌లాగ్ తీరగానే బయల్దేరండి. ఆ వారం తప్పిపోతే లైలాక్ అనే పూలపొదలున్నాయి, మదర్స్ డే ప్రాంతంలో ఆ తోటంతా ఒకటే పరిమళం. మా అమ్మ ఆ పొదల దగ్గరే గంటసేపు కూర్చుండిపోయింది.

నాన్నగారిని ఎస్టేట్‌లోని పెద్ద రాతి భవనం దగ్గరే దింపి, తర్వాత కారు పార్క్ చెయ్యండి. భవనం వెనక తోటలు మెట్లు మెట్లుగా కిందికి దిగుతాయి, ఆయన్ని అన్నీ దిగమనొద్దు. ఆ రాతి భవనం 1920ల్లో క్లారెన్స్ మెకెంజీ లూయిస్ కట్టించుకున్నది. ప్లాన్ గీసిన జాన్ రసెల్ పోప్, వాషింగ్టన్‌లోని జెఫర్సన్ మెమోరియల్‌ని కూడా డిజైన్ చేశాడు. లూయిస్‌కి మొక్కల పిచ్చి, దేశదేశాల నుంచి తెప్పించి నాటించాడు. 1966లో రాష్ట్ర ప్రభుత్వం ఎస్టేట్‌ని కొన్నది కాబట్టే ఇవాళ మనందరం చూడగలుగుతున్నాం. లోపలి గదులు చూపించే రోజులు తక్కువ, తేదీలు ముందే చూసుకో.

ఎడిసన్ నుంచి:
ఒక్క మాట, అమ్మగారికి ఇంట్లోనే చెప్పమ్మా, అక్కడ పూలు కోయకూడదని. మా అత్తయ్య దేవుడి పటానికని ఒక్క పువ్వు కోయబోతే ఆపాను, పాపం చాలాసేపు చిన్నబుచ్చుకుంది. గడ్డిలో టిక్స్ ఉంటాయి, మన పశువులకు పట్టే పిడుదుల్లాంటివే. అవి కుడితే లైమ్ అనే జబ్బు (జ్వరం, కీళ్ల నొప్పులు) రావచ్చు. చీర, పంచె కాకుండా సాక్సులు, పొడుగు ప్యాంట్లు వేయించు. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చెవుల వెనక చూడండి. పులిహోర పట్టుకెళ్తే చెత్త వెనక్కి తెచ్చుకోవాలి, స్టేట్ పార్కుల్లో అదే నియమం. నాన్నగారికి ఓపికుంటే అదే పార్కులోని రింగ్‌వుడ్ మేనర్ అనే పాత భవనానికి కూడా వెళ్లండి. జార్జ్ వాషింగ్టన్ సైన్యానికి మ్యాపులు గీసిన రాబర్ట్ అర్‌స్కిన్ సమాధి అక్కడే ఉంది. మీకు కారు లేకపోతే చెప్పు, శనివారం పొద్దున్నే నేను తీసుకెళ్తాను.