చర్చ: హైదరాబాద్ నగర వార్తలకు ఇక మనమే చందా కట్టుకోవాలా?

అంబర్‌పేట వాసి

2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని, అంటే నది గర్భంలో ఉన్న ఇల్లని, రాసి వెళ్లారు. ఇక చూడండి, గల్లీ నిండా కెమెరాలే. ఏడ్చేవాళ్లు, తిట్టేవాళ్లు, మధ్యలో మైకులు. మూసీ సుందరీకరణ ప్రాజెక్టు ఖర్చు లక్షన్నర కోట్లని ఒకరు, అబ్బే అంత లేదని ఇంకొకరు.

మూసీ రివర్‌ఫ్రంట్ సంస్థ పుట్టింది 2017లో. నది హద్దు ఎక్కడ గీస్తారు, ఎన్ని ఇళ్లు పోతాయి, పోయినవాళ్లకు ఏమిస్తారు అని ఆ ఏడేళ్లలో ఫైళ్లు తిరగేసి రాసిన వార్తలు నాకైతే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా కనపడలేదు. రంగు డబ్బా వచ్చాకే అది వార్తయింది.

జీవో 111 సంగతీ ఇంతే. జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కోసం 1996లో 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేశారు. 2022 ఏప్రిల్లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. అప్పుడు అందరూ ‘భూముల ధరలకు రెక్కలు’ అని రాశారు. ఆ భూములు అప్పటికే ఎవరి చేతుల్లోకి వెళ్లాయో గ్రామం గ్రామం తిరిగి, రిజిస్ట్రేషన్లు చూసి రాయాలంటే నెలలు పడుతుంది. నెలల తరబడి ఒక మనిషికి ఎవరు జీతమిస్తారు?

అందుకే అడుగుతున్నా. పార్టీ డబ్బు, రియల్ ఎస్టేట్ యాడ్లు లేకుండా, జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏ, చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా, జలమండలి లాంటి నగర సంస్థల మీదే కన్నేసి ఉంచే చిన్న సైటు ఒకటి పెడితే నెలకు వంద రూపాయలు కడతారా? బెంగళూరులో సిటిజన్ మ్యాటర్స్ 2008 నుంచి ఇలాంటి పని చేస్తోంది. కట్టనంటే ఎందుకు కట్టరో కూడా చెప్పండి.

రీల్ రాజా

నేను కట్టను అన్నా. అవసరం లేదు కాబట్టి. కంచ గచ్చిబౌలి మర్చిపోయారా? 2025 ఉగాది నాడు సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లో చెట్లు కొట్టడానికి జేసీబీలు దిగితే బయటపెట్టింది హెచ్‌సీయూ పిల్లల ఫోన్లు. ఏప్రిల్ 3కల్లా సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపించింది. ఒక్కరు చందా కట్టారా? సబ్‌స్క్రిప్షన్ పెడితే వార్త గోడ వెనక్కి పోతుంది. వైరల్ అయితేనే సర్కారు కదులుతుంది.

అంబర్‌పేట వాసి

తమ్ముడూ, అదే కేసులో నెమళ్లు, జింకలు పరిగెడుతున్నట్టు ఏఐతో చేసిన బొమ్మలు కూడా వైరల్ అయ్యాయి. ప్రభుత్వానికి అంతకంటే ఏం కావాలి? చెట్ల సంగతి పక్కనపెట్టి ఫేక్ ఫొటోల మీద కేసులంటూ మొదలెట్టింది. ఆ 400 ఎకరాలు ఐఎంజీ భారత అనే కంపెనీకి వెళ్లి, 2006లో రద్దయి, కోర్టుల్లో నలిగి నలిగి 2024లో తిరిగి ప్రభుత్వ చేతికొచ్చాయి. దాదాపు ఇరవై ఏళ్ల వ్యవహారం. 2024 మేలో సుప్రీంకోర్టులో కేసు తేలిన రోజే ‘ఇప్పుడు ఈ భూమిని ఏం చేస్తారు’ అని ఎవరైనా వెంటపడి ఉంటే పిల్లలు జేసీబీల ముందు నిలబడాల్సిన పని ఉండేదా?

పాత కంట్రిబ్యూటర్

నగర శివార్లలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేశాను. పేరు అనవసరం, అన్నిచోట్లా ఒకటే కథ. జీతం ఉండదు, లైన్ అకౌంటే. అచ్చయిన వార్తను స్కేలు పెట్టి కొలిచి, సెంటీమీటర్ల లెక్కన డబ్బులు. నెలాఖరున క్లిప్పింగులన్నీ కత్తిరించి, తెల్లకాగితాలకు అంటించి, కొలతలు వేసి ఆఫీసుకు పంపాలి. ఆ వచ్చేది బండి పెట్రోలుకు చాలదు.

దానిమీద యాడ్ టార్గెట్. ఆగస్టు 15, దసరా, సంక్రాంతి, నాయకుడి పుట్టినరోజు. నేను ఎవరిని అడగాలి? వెంచర్ వేసినాయనను, కార్పొరేటర్‌ను, ఇంటర్ కాలేజీ కరస్పాండెంట్‌ను. అంటే ఎవరి మీద వార్త రాయాలో వాళ్ల గుమ్మం ముందే చెక్కు కోసం కూర్చోవాలి. ఒకసారి చెరువు శిఖం భూమిలో, అంటే నీళ్లు నిలిచే జాగాలో, రాత్రుళ్లు టిప్పర్లతో మట్టి పోస్తుంటే ఫొటోలు తీసి, ఇరిగేషన్ వాళ్ల వివరణ కూడా పెట్టి పంపాను. డెస్క్ వాళ్లు బాగుందన్నారు. పొద్దున జోన్ పేజీ తెరిస్తే నా వార్త లేదు. కింద క్వార్టర్ పేజీలో అదే వెంచర్ యాడ్ ఉంది, ‘లేక్ వ్యూ ప్లాట్లు’ అని.

ఇంకోటి కూడా చెప్పాలి, మావాళ్లకు కోపం వచ్చినా సరే. మూసీలో గుర్తులు పడిన ఆ సెప్టెంబరులోనే జర్నలిస్టుల హౌసింగ్ సొసైటీకి పేట్‌బషీరాబాద్ స్థలం కాగితాలు ముఖ్యమంత్రి చేతుల మీదుగా అందాయి. నవంబరు 25న సుప్రీంకోర్టు ఎంపీలు, ఎమ్మెల్యేలు, అధికారులు, జడ్జిలు, జర్నలిస్టుల సొసైటీలకిచ్చిన కేటాయింపులు కొట్టేసింది. ఏళ్ల కిందట డబ్బు కట్టి ఎదురుచూసినవాళ్లలో అద్దె ఇళ్లలో బతికే మామూలు విలేకరులే ఎక్కువ. వాళ్లను దొంగలంటే నేను ఒప్పుకోను. కానీ ఇంటి స్థలం కోసం ప్రభుత్వం వైపు చూస్తూ ఇంకొకరి ఇల్లు కూలిన వార్త ఎంత గట్టిగా రాయగలం? వంద కాదు, రెండొందలు కడతాను. ఆ విలేకరికి యాడ్ టార్గెట్ లేదని రాసిస్తే చాలు.

నిజాంపేట ఫ్లాట్ ఓనర్

అన్నీ బాగానే ఉన్నాయి. నా అనుభవంలో ‘స్వతంత్ర’ అని బోర్డు పెట్టుకున్నవాళ్లు చాలామందికి అభివృద్ధి అంటేనే పడదు. మెట్రో వస్తుంటే సుల్తాన్‌బజార్ పోతోందన్నారు, అసెంబ్లీ అందం పోతుందన్నారు. ఇప్పుడు అదే మెట్రోలో వెళ్తున్నారు. ఊరు పెరగాలి, ఉద్యోగాలు రావాలి, నాలా మీద కట్టింది ఏదో ఒకరోజు తీయాలి. వాన పడితే సెల్లార్‌లో నా కారు మునుగుతోంది, దాని గురించి కన్నీటి వ్యాసం ఎవరూ రాయరు.

నాకు కావాల్సింది వేరే. 25 ఎకరాలు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. ఇది హైడ్రా వచ్చాక టీవీలో చూసి నేర్చుకున్నా. ఫ్లాటు కొన్నప్పుడు బిల్డర్ చెప్పలేదు, పర్మిషన్ ఇచ్చినవాళ్లు చెప్పలేదు, లోన్ ఇచ్చిన బ్యాంకూ చెప్పలేదు. ఇప్పుడు హైడ్రా అనే మాట వినపడితే మా ఆవిడకు టెన్షన్. ఏ చెరువుకు తుది నోటిఫికేషన్ అయింది, ఏ సర్వే నంబరు లోపల పడింది, ఎవరి సంతకంతో పర్మిషన్ వచ్చింది అని పేర్లతో రాసే సైటైతే నెలకు 500 కడతాను. పేదరికం మీద వ్యాసాలకైతే కట్టను. మొహమాటం లేకుండా చెప్తున్నా.

చాదర్‌ఘాట్ బస్తీ

నిజాంపేట సార్ మొహమాటం లేకుండా చెప్పారు, నేనూ అలాగే చెప్తా. మీరు 500 కడతారు, మీ చెరువు చుట్టూ విలేకరి తిరుగుతాడు. మా బస్తీలో ఆ డబ్బుకి వారం కూరగాయలొస్తాయి. మేం కట్టం. మరి మా సంగతి ఎవరు రాస్తారు? చందాతో నడిచే పేపరు చందాదారులున్న కాలనీల పేపరే అవుతుంది.

గుర్తులు వేసిన రోజు మా ఇంటికీ వచ్చారు మీడియావాళ్లు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నోటరీ కాగితం, అన్నీ ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఉన్నాయి. ఒక్కొక్కటి తీసి తారీఖులు చూపిస్తున్నా. కెమెరా పట్టుకున్నబ్బాయి ‘అక్కా, ఇందాక ఏడుస్తూ చెప్పావు కదా, ఇంకోసారి అలాగే చెప్పు’ అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. కెమెరా పక్కింటికి వెళ్లిపోయింది.

హీరో నాగార్జున ఎన్ కన్వెన్షన్ కూలిన రోజు మాత్రం తమ్మిడికుంట ఎఫ్‌టీఎల్‌లో ఎంత, బఫర్‌లో ఎంత అని ఎకరాలు, గుంటలతో సహా మ్యాపులేసి చూపించారు. పెద్దాయన భూమికి లెక్కలు, మాకు ఏడుపులా? డబుల్ బెడ్‌రూమ్ ఇస్తామన్నారు, సంతోషం. ఆ ఇల్లు ఎంత దూరం, పట్టా ఎవరి పేరిట, తొమ్మిదో తరగతి పిల్లకు స్కూలు మధ్యలో టీసీ ఎలా, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు పొద్దున ఆరింటికి మలక్‌పేట ఎలా చేరాలి? వీటిమీద వార్త కావాలి మాకు. జాలి వద్దు.

నిజాంపేట ఫ్లాట్ ఓనర్

అమ్మా, మీరు అడిగినవి న్యాయమైనవే. వాటిని నేను పేదరికం వ్యాసాలు అనలేదు. నది గర్భంలో ఇల్లు ఉండొచ్చా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. 1908 వరద మళ్లీ వస్తే ముందు పోయేది ఆ ఇళ్లే.

చాదర్‌ఘాట్ బస్తీ

చెరువు బఫర్‌లో ఫ్లాట్ ఉండొచ్చా అన్న ప్రశ్న కూడా అలాగే ఉంది సార్.

సిటీ సివిల్ కోర్టు

గొడవ మధ్యలో రెండు ఆచరణ విషయాలు. ట్రస్టు పెట్టి విరాళాలతో నడుపుదామనుకుంటే గట్టి నేల కాదది. రిపోర్టర్స్ కలెక్టివ్, కన్నడలో ది ఫైల్, రెండూ కాగితాలు తవ్వి రాసే సంస్థలే. వాటి లాభాపేక్షలేని హోదా రద్దయిన సంగతి 2025 జనవరిలో బయటికొచ్చింది. కాబట్టి కంపెనీగా పెట్టి చందాలు తీసుకోవడమే నయం, పన్ను కట్టాల్సి వచ్చినా సరే. 2025 మార్చిలో ముఖ్యమంత్రిని తిట్టిన ఒకాయన వీడియో పెట్టారని ఇద్దరు మహిళా జర్నలిస్టులను పొద్దున్నే ఇంటికొచ్చి అరెస్టు చేశారు. భాష బాగాలేదని మీరనొచ్చు, అది వేరే చర్చ. పొద్దున్నే తలుపు కొడితే ఫోన్ చేయడానికి వకీలు ఉండాలి. ఆ ఖర్చు వంద రూపాయల లెక్కలో వేశారా?

ఆర్‌టీఐ మీద కూడా మరీ ఆశలు పెట్టుకోకండి. పది రూపాయలు, 30 రోజులు అనేది చట్టంలో మాట. తర్వాత అప్పీలు, కమిషన్. పైగా వ్యక్తిగత సమాచారం పేరుతో నిరాకరించే వీలును 2023 డేటా చట్టం ఇంకా వెడల్పు చేసింది. ‘పర్మిషన్ మీద ఎవరి సంతకం’ అని నిజాంపేట సార్ అడిగిన దానికి రేపు ఆ జవాబే రావొచ్చు.

అంబర్‌పేట వాసి

వకీలు ఖర్చు వేయలేదండీ. వంద చాలదు, ఒప్పుకోవాల్సిందే. బస్తీ అక్క అన్నదానికి నాకు తోచింది ఇది: చందా కట్టినా కట్టకపోయినా వార్త అందరికీ ఉచితం. ఇద్దరు విలేకరులుంటే ఒకరు బస్తీల నుంచే రావాలి, జీతం ఇద్దరికీ ఒకటే. బుందేల్‌ఖండ్‌లో ఖబర్ లహరియా 2002లో మొదలైంది, దళిత, ఆదివాసీ, ముస్లిం, వెనుకబడిన వర్గాల మహిళలే విలేకరులు. వాళ్లు చేయగలిగింది ఇక్కడ ఎందుకు కాదు?

నిజాంపేట ఫ్లాట్ ఓనర్

ఉచితమే అయితే నేను ఎందుకు కట్టాలి?

రీల్ రాజా

అదీ పాయింట్! సరే, కంట్రిబ్యూటర్ అన్నను ఒకటి అడుగుతా. మీరన్నట్టే జీతమిచ్చి, యాడ్ టార్గెట్ లేకుండా పెట్టాం అనుకోండి. రేపు సర్కారు మళ్లీ జర్నలిస్టులకు ప్లాట్లంటే మన విలేకరి అప్లై చేయడా?

పాత కంట్రిబ్యూటర్

చేస్తాడు తమ్ముడూ. నేనైనా చేస్తాను. నెలకు పాతికవేలు ఇస్తే చేస్తాను, నలభై ఇస్తే ఆలోచిస్తాను. వద్దని రూలు పెట్టేముందు ఎంత ఇవ్వగలరో చెప్పండి. ఈ థ్రెడ్‌లో ఇప్పటికి కడతామన్నది ఇద్దరే. అందులో ఒకాయన ఇప్పుడే వెనక్కి తగ్గారు.