అప్‌డేట్: ఖాళీ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఎక్కింది

నల్గొండలో మా చెల్లి డిగ్రీ చదువు కోసం కొన్న సెకండ్ హ్యాండ్ డెల్ లాటిట్యూడ్ ల్యాప్‌టాప్‌ని ఎలా నడిపించాలో ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఆన్ చేస్తే బూట్ డివైస్ (మొదలవడానికి కావాల్సిన సిస్టమ్ ఉన్న డిస్క్) లేదనేది, డిస్క్ మొత్తం తుడిచేసి ఇచ్చారు. ఇప్పుడు బాగా నడుస్తోంది. సలహాలిచ్చిన అన్నలకు, అక్కలకు చాలా థాంక్స్.

ప్రాసెసర్ 7వ తరం ఐ5. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ 8వ తరం నుంచే అడుగుతోంది, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. అందుకే విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 22 ఎంచుకున్నాం, దానికి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి.

మింట్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ తయారు చేయడం తేలికే. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే, దేని నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించింది, దాని నుంచే మింట్ తెరుచుకుంది. కానీ ఇన్‌స్టాల్ దగ్గర డిస్కే చూపించలేదు. ఎస్‌ఎస్‌డీ (లోపలి డిస్క్) పోయిందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. మీలో ఒకరు చెప్పినట్టు ఎఫ్2తో బయోస్‌లోకి (ల్యాప్‌టాప్ మూల సెట్టింగుల్లోకి) వెళ్లి చూస్తే, డిస్క్‌ని సిస్టమ్ ఎలా వాడాలో చెప్పే 'సాటా ఆపరేషన్' సెట్టింగ్ 'రెయిడ్ ఆన్' మీద ఉంది. దాన్ని మామూలు పద్ధతి 'ఏహెచ్‌సీఐ'కి మార్చి సేవ్ చేయగానే ఎస్‌ఎస్‌డీ కనిపించింది! డిస్క్‌లో ఎలాగూ ఏమీ లేదు కాబట్టి మార్చినా నష్టం లేదు. విండోస్ ఉన్న మెషీన్‌లో మాత్రం ఊరికే మార్చకండి, అది బూట్ కాకపోవచ్చు.

వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో, ఇన్‌స్టాల్‌కి ముందు మింట్ పెన్‌డ్రైవ్ మీద నడుస్తుండగానే చూసుకున్నాం. చెల్లి లిబ్రే ఆఫీస్‌లో (వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రామ్) తెలుగులో కూడా టైప్ చేస్తోంది.

పాతది కొనేవాళ్లు షాపులోనే బయోస్ తెరిపించండి. పాస్‌వర్డ్ అడిగితే, అది తీయించాకే డబ్బులివ్వండి.