కల్లులో మందు కలిపారు, తాగినవాడికి తెలియదు. మరి హత్య చేస్తే?

వరంగల్_లా
మూట్ కోర్టుకి, అంటే లా విద్యార్థుల నమూనా కోర్టు పోటీకి, మాకిచ్చిన సమస్య ఇది. ఒకాయన రోజూ వెళ్లే కల్లు కాంపౌండ్‌లోనే రోజూ తాగే రెండు సీసాలు తాగాడు. ఇంటికొచ్చాక పాత అప్పు గురించి బావమరిదితో మాటామాటా పెరిగింది. మూలనున్న రోకలి తీసి తలమీద రెండు దెబ్బలు వేశాడు. మనిషి పోయాడు. తర్వాత ఆ కాంపౌండ్ కల్లు ల్యాబ్‌కి పంపితే అందులో అల్ప్రాజోలం అనే నిద్రమత్తు మందు ఉందని తేలింది.

నాకు డిఫెన్స్ పడింది. కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లోని సెక్షన్ 23 (పాత శిక్షాస్మృతి ఐపీసీలో 85) ప్రకారం, మనిషికి తెలియకుండా గానీ, వద్దంటున్నా గానీ మత్తు ఎక్కించి ఉండాలి. ఆ మత్తులో తను చేస్తున్నది ఏమిటో, అది తప్పో కాదో తెలియని స్థితిలో ఉండాలి. అప్పుడు చేసింది నేరం కాదు. 24 (పాత 86) తనంతట తాను తాగినవాడి సంగతి. మావాడు కల్లు తనే తాగాడు, కానీ అల్ప్రాజోలం తాగుతున్నానని అతనికి తెలియదు. ఏ సెక్షన్‌లోకి వస్తాడు? శనివారం దాకా టైముంది, తిట్టినా ఫర్వాలేదు.

సుజాత_నెల్లూరు
తిట్టమన్నారు కాబట్టి తిడతాను. తాగినవాడికి శిక్ష తగ్గించాలనే ఆలోచనే నాకు ఎక్కదు. మాది దూబగుంటకి దగ్గర ఊరు. 1992లో సారాకి ఎదురుతిరిగిన ఆడవాళ్లలో మా అమ్మమ్మ ఉంది. వాళ్ల పోరాటంతోనే 1993లో సారా, 1995లో మొత్తం మద్యం ఆగాయి. 1997లో మళ్లీ తెరిచారు, అది వేరే కథ. మొగుడు కొట్టినప్పుడు వాడి మనసులో ఉద్దేశం ఉందా లేదా అని ఆ ఆడవాళ్లు లెక్కలు వేయలేదు. తాగడం వాడు ఎంచుకున్న పని. తర్వాత జరిగేదంతా వాడి ఖాతాలోదే. నన్నడిగితే డబుల్ వేయాలి.

నల్లకోటు
సుజాత గారూ, మీ కోపంలో సగం చట్టంలోనే ఉంది. మిగతా సగం దగ్గరే పేచీ.

పాత 86 మొదట్లో ఇంటెన్షన్, నాలెడ్జ్ రెండింటి పేరూ ఎత్తుతుంది. అంటే ఉద్దేశం, ఎరుక. తీర్పు చెప్పే చోటికి వచ్చేసరికి మాత్రం, తాగకపోతే అతనికి ఎంత ఎరుక ఉండేదో అంత ఎరుక ఉన్నట్టే చూడండి అంటుంది. రెండో భాగంలో 'ఉద్దేశం' అన్న మాటే లేదు. ఆ ఒక్క మాట మీద ఎన్ని తీర్పులు వచ్చాయో!

1956లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన బాస్‌దేవ్ కేసు చూడండి. అప్పటి పెప్సు రాష్ట్రంలో (ఇప్పటి పంజాబ్ వైపు) ఒక పెళ్లి. మధ్యాహ్నం భోజనాల దగ్గర, మిలిటరీలో జమాదారుగా చేసి రిటైరైన బాస్‌దేవ్ బాగా తాగి ఉన్నాడు. తను కూర్చోవాలనుకున్న చోట పదిహేను పదహారేళ్ల కుర్రాడు ఉన్నాడు. కొంచెం జరగమన్నాడు, కుర్రాడు జరగలేదు. పిస్తోలు తీసి కడుపులో కాల్చాడు. పగ లేదు, పాత గొడవ లేదు. కోర్టు ఏమందంటే: ఎరుకను తాగనివాడితో సమానంగా లెక్కవేస్తాం. ఉద్దేశాన్ని మాత్రం మొత్తం పరిస్థితి చూసి, మత్తు ఏ స్థాయిలో ఉందో చూసి తేలుస్తాం. ఉద్దేశమే పెట్టుకోలేనంతగా మతి పోయి ఉంటే సరే. తాగడం వల్ల కోపం త్వరగా వచ్చింది, చెయ్యి త్వరగా లేచింది అన్నంత మాత్రాన లాభం లేదు.

బాస్‌దేవ్ తూలుతూనే ఉన్నాడు, మాట అప్పుడప్పుడు తడబడింది. కానీ ఆ ఇంటికి తన కాళ్ల మీద తానే వచ్చాడు, ఎక్కడ కూర్చోవాలో తనే చూసుకున్నాడు. కాల్చాక పారిపోబోయాడు. పట్టుకోగానే ఏం చేశాడో గ్రహించి, క్షమించమని బతిమాలాడు. మతి పోయినవాడు పారిపోడుగా. హత్య సెక్షన్ 302 నిలిచింది, యావజ్జీవం.

తమ్ముడూ, మీ క్లయింట్ రోకలి ఎక్కడుందో వెతికి తీశాడు. రెండో దెబ్బ కూడా వేశాడు. నేను ప్రాసిక్యూషన్ అయితే ఆ రెండో దెబ్బ మీదే అరగంట మాట్లాడతాను.

పాత_ఖాకీ
ముప్పై ఏళ్లకు పైగా స్టేషన్లలో చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. పుస్తకాల సంగతి నాకు తెలియదు, చూసింది చెబుతాను.

ఎంత తాగినోడైనా ఎస్సైని చూడగానే చెప్పులు విడిచి నిలబడతాడు. వీధి రౌడీని కొట్టడు. ఇంటికి పోయి పెళ్లాన్నే కొడతాడు. మనిషిని చూసి చెయ్యి లేపేంత తెలివి వాడికి మిగిలే ఉంటుంది.

ఇంకో సంగతి. కోర్టులో అందరూ మత్తు గురించి వాదిస్తారు గానీ కాగితం ఉండదు. మనిషి మర్నాడో ఆ పైరోజో దొరుకుతాడు. అప్పటికి రక్తంలో ఏముంటుంది? వెంటనే దొరికినా డాక్టరు రాసేది ఒక్క లైను: నోట్లో మద్యం వాసన ఉంది, నడక సరిగానే ఉంది, మాట స్పష్టంగా ఉంది. అంతే. ఆ లైనుతో డిఫెన్స్ లాయర్ ఏమీ చేయలేడు.

నల్లకోటు
నిజం సార్. పైగా మినహాయింపు కావాలన్నవాడే దాన్ని చూపించుకోవాలి. పాత సాక్ష్య చట్టంలో 105, ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టం బీఎస్ఏలో 108. ప్రాసిక్యూషన్ లాగా సందేహానికి తావు లేకుండా అక్కర్లేదు, అలా జరిగి ఉండొచ్చని నమ్మించగలిగితే చాలు. కానీ ఆ చాలు అనేదానికే చేతిలో కాగితం ఉండదు.

సుజాత_నెల్లూరు
నల్లకోటు గారూ, మీరు చెప్పిన కేసులో శిక్ష పడింది కాబట్టి బానే ఉంది. కాలూరామ్ కేసు గురించి కూడా చెప్పండి మరి. రాజస్థాన్‌ది, 2000లో సుప్రీంకోర్టు. తాగి వచ్చి, ఇంకా తాగడానికి భార్య నగలు అడిగాడు. ఇవ్వనంది. కిరోసిన్ పోసి అగ్గిపెట్టె ఆమె చేతికిచ్చాడు. ఆమె పుల్ల వెలిగించలేకపోతే తనే లాక్కుని అంటించాడు. మంట లేచాక కంగారుగా నీళ్లు పోశాడు. ఆమె చనిపోయింది. హత్య కాదు, అంతకంటే తక్కువ నేరమైన 304 రెండో భాగమే అన్నారు. ఉద్దేశం లేదు, ఎరుక మాత్రమే ఉందట! అగ్గిపుల్ల వెలిగించినవాడికి ఉద్దేశం లేదా? నీళ్లు పోస్తే వెనక్కి వెళ్లిపోతుందా?

86లో మీరన్న ఆ 'రెండో భాగంలో లేని మాట' ఎవరికి పనికొస్తుందో చూశారా.

నల్లకోటు
ఆ తీర్పు నాకూ నచ్చదు. ఎన్నో బెయిల్ అప్లికేషన్లలో, అప్పీళ్లలో దాన్ని ఎత్తుకొచ్చారు, నేనూ ఒకసారి ఎత్తాను, దాచుకోవడం ఎందుకు. కానీ 2015లో మహారాష్ట్ర నుంచి వచ్చిన సంతోష్ కేసులో ఇదే కథ మళ్లీ వచ్చింది. తాగడం, కిరోసిన్, తర్వాత నీళ్లు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాలూరామ్ ఆ కేసు పరిస్థితులకే పరిమితం, నీళ్లు పోశాడని హత్య హత్య కాకుండా పోదు అంది. 302 నిలిపింది.

మీరు డబుల్ అన్నారే, దానికి ఒప్పుకోను. ఒకసారి ఆలోచించండి, ఆ లేని మాట మీవైపు కూడా పనిచేస్తుంది. 2006లో బాంద్రా కార్టర్ రోడ్‌లో తెల్లవారుజామున ఒక కారు పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న కూలీల మీదికెక్కి ఏడుగురు చనిపోయారు. నడిపినవాడి రక్తంలో ఆల్కహాల్ 0.112 శాతం. మోటారు వాహనాల చట్టం హద్దు 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. వాళ్లని చంపాలని అతను అనుకోలేదు, అది ఎవరైనా ఒప్పుకుంటారు. నిర్లక్ష్యం కింద, అంటే 304ఏ కింద వదిలేస్తే అప్పట్లో గరిష్ఠం రెండేళ్లు. కానీ తాగి బండి తోలితే ఏమవుతుందో తెలిసినట్టే లెక్క అని 304 రెండో భాగం కిందికి తెచ్చారు. దానికి పదేళ్ల దాకా వేయొచ్చు. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వేసింది మూడేళ్లేననుకోండి, అది ఇంకో బాధ.

ఎరుక అంటగట్టడం, ఉద్దేశం అంటగట్టకపోవడం. ఈ రెంటి మధ్య గీత ఉండబట్టే బాంద్రా డ్రైవరూ పగపట్టి పొడిచినవాడూ ఒకే సెక్షన్లో పడరు. ఆ గీత చెరిపేస్తే ఇద్దరికీ ఒకటే శిక్ష.

మంచులో_మావాడు
కెనడా నుంచి. ఇక్కడ ఇదే గొడవ ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. 1994లో దావియో అనే కేసులో, మనిషి కదలిక మీద కూడా అదుపు లేనంత విపరీతమైన మత్తులో ఉంటే లైంగిక దాడి కేసులోనూ అది డిఫెన్స్ అవుతుందని ఇక్కడి సుప్రీంకోర్టు అంది. దేశమంతా భగ్గుమంది. మరుసటి ఏడాదే పార్లమెంటు 33.1 అనే సెక్షన్ పెట్టి, ఒళ్లు తెలియకుండా తాగి ఎవరినైనా గాయపరిస్తే ఆ సాకు చెల్లదంది.

2022లో ఆ సెక్షన్‌నే కొట్టేశారు. కాల్గరీలో ఒక కాలేజీ కుర్రాడు పార్టీలో మద్యంతో పాటు మత్తు పుట్టగొడుగులు తిన్నాడు. చలికాలం రాత్రి బట్టల్లేకుండా పరుగెత్తి ఒక ప్రొఫెసరమ్మ ఇంట్లో పడి కొట్టాడు. పుట్టగొడుగులు తింటే ఇలా అవుతుందని అతను ఊహించి ఉండాలా అనేది అడగకుండా శిక్షించడం న్యాయం కాదంది కోర్టు. నెలన్నర తిరక్కుండానే పార్లమెంటు చట్టం మార్చింది: అదుపు తప్పి ఎవరికైనా హాని జరిగే ప్రమాదాన్ని మామూలు మనిషి ముందే ఊహించగలిగి, అయినా అజాగ్రత్తగా తీసుకుంటే శిక్ష ఉంది.

నాకు ఈ కొత్త పద్ధతి నచ్చింది. సీసా ఎత్తిన క్షణంలో అతను ఏం ఊహించగలడు, అక్కడ చూడాలి. రోకలి ఎత్తిన క్షణంలో కాదు.

పాత_ఖాకీ
బాబూ, ఇక్కడ సీసా ఎత్తే క్షణంలో ఎవడూ ఏమీ ఊహించడు. ఆకలేస్తది, ఎత్తుతాడు.

వరంగల్_లా
అందరికీ థాంక్స్, కానీ కల్లు దగ్గరికి రండి. మావాడు తాగింది కల్లే అనుకున్నాడు. కల్లు మత్తుకి అతను ఒప్పుకున్నాడు, అల్ప్రాజోలం మత్తుకి కాదు. అది నార్కోటిక్స్ చట్టం కిందికి వచ్చే మందు. మజ్జిగలో కలిపి ఇచ్చినా, కల్లులో కలిపి ఇచ్చినా తెలియకుండా ఇచ్చినట్టే కదా?

నైట్‌డ్యూటీ
సైకియాట్రీ పీజీని. కల్తీ కల్లు కేసులు మా వార్డులకి ఎలా వస్తాయో చెబుతాను, తర్వాత మీరు మీరు తేల్చుకోండి.

తెలంగాణలో కల్లులో కలిపేవి మామూలుగా అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్. రోజూ తాగేవాళ్ల ఒంటికి అవి అలవాటైపోతాయి. ఎక్సైజ్ వాళ్లు దాడులు చేసి కల్తీ ఆగిందంటే, లేదా 2020 లాక్‌డౌన్‌లో లాగా కల్లే ఆగిందంటే, రెండు మూడు రోజుల్లో జనం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరస కడతారు. చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, గోడ మీద లేనివి కనిపిస్తాయి, ఇంట్లోవాళ్లని గుర్తుపట్టరు. నేను చూసినవాళ్లలో దెబ్బలాటకి దిగినవాళ్లు ఎక్కువగా ఈ దశలోవాళ్లే. తాగి ఉన్నప్పుడు మగతగా పడుంటారు.

కాబట్టి తమ్ముడూ, మీ సమస్యలో మనిషి ఆ రోజు తాగాడు. తాగకుండా రెండు రోజులు ఉండి కొట్టి ఉంటే అది మత్తు సెక్షనే కాదు, మతి చలించినవాడికి సంబంధించిన 22 (పాత 84) గురించి మాట్లాడుకునేవాళ్లం. అక్కడ మీకు బలం ఎక్కువ. ఇక్కడ నాకు అంత కనిపించట్లేదు.

సుజాత_నెల్లూరు
డాక్టర్ గారూ, ఒక్క ప్రశ్న. కల్లులో ఏదో కలుపుతారని అక్కడ తాగేవాళ్లకి తెలియదా?

నైట్‌డ్యూటీ
పేరు తెలియదు. కలుపుతారని మాత్రం చాలామందికి తెలుసు. చెట్టు కల్లు తాగితే 'కిక్కు లేదు' అని దుకాణం మార్చినవాళ్లు నాకే చెప్పారు.

సుజాత_నెల్లూరు
ఇక అయిపోయింది.

నల్లకోటు
అంత తేలిగ్గా అవదండీ. ఏదో కలుపుతారని తెలియడం వేరు, ఏది ఎంత కలుపుతారో తెలియడం వేరు. ఆ రోజు దుకాణంవాడి చెయ్యి జారి మామూలు కంటే రెండింతలు పడిందని ల్యాబ్ రిపోర్టు చెప్తే 'తెలియకుండా' అనే మాటకి ప్రాణం వస్తుంది. రిపోర్టులో మోతాదు ఉందా తమ్ముడూ? మందు ఉందని మాత్రమే రాసి ఉంటే చాలదు.

కానీ అది దాటినా ఇంకో గోడ ఉంది. 23కి రెండు షరతులు కలిసి ఉండాలి. తెలియకుండా ఎక్కించడం ఒకటి, చేసేదేమిటో తెలియని స్థితి రెండోది. ఇంగ్లాండ్‌లో 1994లో కింగ్‌స్టన్ కేసులో, కాఫీలో మత్తు కలిపారన్నా సరే, ఉద్దేశం అనేది ఉంటే మత్తులో పుట్టిన ఉద్దేశం కూడా ఉద్దేశమే అని అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మనది దాని కంటే కాస్త దయగలది, అంతే.

మీవాడు అప్పు సంగతి గుర్తుపెట్టుకుని గొడవ పడ్డాడు. ఎదుటివాడు బావమరిదని తెలుసు. బాకీ అని తెలుసు. రోకలి ఎక్కడుందో తెలుసు. 23 అడగకు. 23 అడిగితే జడ్జిగారు బాస్‌దేవ్ తీర్పు చేతిలో పెట్టి పంపుతారు. 24 కిందే నిలబడి, మోతాదు చూపించి, చంపాలనే ఉద్దేశం తేలలేదని బీఎన్ఎస్ 105 రెండో భాగం అడుగు. అది పాత 304 రెండో భాగమే. సుజాత గారికి నచ్చదు, కానీ డిఫెన్స్ నీది.

సుజాత_నెల్లూరు
నచ్చదు. ఆ కాంపౌండ్ యజమానిని ముద్దాయిగా చేర్చారా మీ సమస్యలో?

వరంగల్_లా
లేదండీ. కాగితం మళ్లీ చూశాను, మోతాదు కూడా రాయలేదు. 'అల్ప్రాజోలం ఆనవాళ్లు' అని మాత్రమే ఉంది. మెమోలో, అంటే మా రాతవాదనలో, 23 కొట్టేసి 105 రాస్తున్నాను. యజమాని గురించి మా సార్‌ని రేపు అడుగుతాను.