స్లో జ్యూసర్ జాలికి తెల్లటి గార, పులిసిన వాసన: ఎలా వదిలించాలి?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

నమస్కారమండీ. మేము స్లో జ్యూసర్ (పండ్లను స్క్రూతో మెల్లగా నలిపి, జాలిగుండా రసం తీసే యంత్రం) కొని ఎనిమిది నెలలైంది. రోజూ పొద్దున నలుగురికి సరిపడా యాపిల్, బీట్‌రూట్, క్యారట్ కలిపి రసం తీస్తాను. ఉసిరికాయలు దొరికే రోజుల్లో గింజ తీసేసి రెండు మూడు అవీ వేస్తాను. మొదట్లో పిప్పి పొడిపొడిగా వచ్చేది. ఇప్పుడు గుప్పిట్లో పట్టి పిండితే ఇంకా రసం కారేంత తడిగా వస్తోంది. జాలి కన్నాల చుట్టూ పసుపు కలిసిన తెల్లటి పొర కట్టింది. గోటితో గీకితే గరుకుగా తగులుతుంది గాని ఊడిరాదు. పైగా ఎంత కడిగినా గిన్నె లోపలి నుంచి పులిసిన వాసన వస్తూనే ఉంది.

కడగడంలో బద్ధకించడం లేదని మనవి. పిల్లలను బడి బస్సు ఎక్కించి వచ్చాక భాగాలన్నీ విప్పి, తాగునీటిని శుద్ధిచేసే ఆర్‌వో యంత్రం నుంచి వృథాగా పోయే నీటిని పట్టి ఉంచిన బకెట్‌లో అరగంట నానబెట్టి, ఆ తర్వాత అంట్లు తోమే ద్రవం వేసి, యంత్రంతో వచ్చిన బ్రష్‌తో రుద్దుతాను. 2024 వేసవిలో నీటికోసం పడిన పాట్లు చూశాక ఆ నీళ్ళు పారబోయడానికి మనసొప్పడం లేదు. వెనిగర్, వంట సోడా కలిపి పోస్తే అంతా వదిలిపోతుందని ఒక వీడియోలో చెప్తే అదీ చేశాను. నురగ మాత్రం బాగా వచ్చింది! ఇక స్టీలు పీచుతో రుద్దడమే మిగిలింది. రుద్దవచ్చునా?

మొదటి జవాబు (జయనగర్)

స్టీలు పీచు జోలికి వెళ్ళకండి. దానితో ప్లాస్టిక్‌పై పడే సన్నటి గీతల్లోనే రేపు బీట్‌రూట్ రంగు, పిప్పి చేరి కూర్చుంటాయి.

వాసన సంగతి నాకు అనుభవమే. గిన్నెను తలకిందులుగా తిప్పి చూడండి. పిప్పి బయటికి వచ్చే దారి అడుగున మెత్తటి సిలికాన్ బిళ్ళ ఒకటి ఉంటుంది. చాలా యంత్రాల్లో దానిని ఒక పక్క నుంచి లాగితే తెరుచుకుంటుంది. అది విప్పాలని నాకు ఏడాది దాకా తెలియలేదు. తెలిసి లాగిన రోజున దాని వెనక అల్లం పీచు నల్లబడి, జిగురుగా, బొటనవేలి గోరంత ముద్దగా బయటపడింది. ఆ రోజు ఇంట్లో ఎవరినీ వంటింట్లోకి రానివ్వలేదు. అలాగే జాలి చుట్టూ తిరిగే చక్రానికి ఉన్న సిలికాన్ పట్టీలను, మూత దగ్గరి రబ్బరు రింగును కూడా ఊడదీసి కడగాలి. ఊడదీసిన వాటిని ఒక చిన్న గిన్నెలో వేసుకోండి, లేకపోతే సింకు కన్నంలోంచి జారిపోతాయి.

ఇంకొక మాట. కడగడం పిల్లల బస్సు వెళ్ళాక కాదు, రసం గ్లాసుల్లో పోసిన వెంటనే మొదలుకావాలి. విప్పడానికి వ్యవధి లేకపోతే రసం వచ్చే ముక్కు మూసి, పైనుంచి రెండు గ్లాసుల నీళ్ళు పోసి, అర నిమిషం తిప్పి వదిలేయండి. సగం పని అక్కడే అయిపోతుంది. ఆరిన పిప్పి అరిసెల పాకంలా పట్టుకుంటుంది.

రెండవ జవాబు (వైట్‌ఫీల్డ్)

పై జవాబు వాసనకు సరిపోతుంది. జాలికి పట్టిన గార కథ మాత్రం వేరు, దాని మూలం మీ బకెట్‌లోనే ఉంది. నేను నీటి శుద్ధి యంత్రాల పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఆర్‌వో పొర నీటిలోని లవణాలను వడగట్టి, వాటినే మిగిలిన నీటితో కలిపి వృథా గొట్టంలోకి పంపుతుంది. అంటే మీ కుళాయిలో వచ్చే నీటికంటే ఆ బకెట్‌లోని నీరు ఎప్పుడూ ఎక్కువ ఉప్పగా, ఎక్కువ కఠినంగా (అంటే సున్నపు లవణాలు ఎక్కువగా) ఉంటుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. మన వైపు బోరు నీటితోనో ట్యాంకరు నీటితోనో నడిచే ఇళ్ళలో మొదటే కఠినంగా ఉన్న నీరు, ఆర్‌వో దాటి వచ్చేసరికి మరింత చిక్కబడుతుంది. ఆ నీటిలో నానిన జాలి ఆరినప్పుడల్లా కన్నాల అంచున సున్నపు పొర పేరుకుంటుంది, దానికి క్యారట్ రంగు పడుతుంది. కన్నాలు ఇరుకైతే రసానికి దారి ఉండదు, అది పిప్పితోనే బయటికి పోతుంది. మీకు పిప్పి తడిగా రావడానికి కారణం ఇదే అయి ఉండాలి. జాలిని ట్యూబ్‌లైటు వైపు పట్టి చూడండి, ఎన్ని కన్నాలు మూసుకున్నాయో వెంటనే కనబడుతుంది. ఆ బకెట్ నీళ్ళను నేల తుడవడానికి వాడుకోండి, మొక్కలకు కూడా రోజూ పోయకండి.

ఉన్న గార పోవడానికి లీటరు గోరువెచ్చని నీటిలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, జాలిని అరగంట ముంచి ఉంచండి. కిరాణా కొట్టులో సిట్రిక్ యాసిడ్ అని అడిగినా ఇస్తారు. చిన్న చిన్న బుడగలు లేస్తే ఆమ్లం సున్నాన్ని కరిగిస్తున్నట్టు. తర్వాత మెత్తటి టూత్‌బ్రష్‌తో లోపలి నుంచి బయటికి రుద్దండి. ఒకసారికి పోకపోతే మర్నాడు మళ్ళీ చేయండి, అంతేగాని రాత్రంతా నానబెట్టకండి. మరిగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది. వెనిగర్‌లో వంట సోడా కలిపితే ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మీకు మిగిలేది నురగే. ముఖ్యంగా బ్లీచింగ్ ద్రవాన్ని వెనిగర్‌తో గాని నిమ్మ ఉప్పుతో గాని ఎన్నడూ కలపకండి, విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

మూడవ జవాబు (మడివాళ)

అమ్మా, మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే దుకాణం నడిపి మానేసినవాడిని. పై ఇద్దరూ చెప్పింది సబబే. నేను కలిపేది రెండే ముక్కలు. గిన్నె తీసి మోటారు ఇరుసు చుట్టూ వేలుపెట్టి చూడండి. జిగురుగా తగిలితే గిన్నె అడుగున ఉన్న సీలు కారుతోందని అర్థం. అప్పుడు ఎంత కడిగినా లాభం లేదు, సీలు మార్చాలి. మోటారు పెట్టెను తడిగుడ్డతో తుడవడమే తప్ప కుళాయి కింద పెట్టకూడదు, ఈ కారణంగా చెడిపోయినవి నా దగ్గరికి చాలా వచ్చేవి.

తిరిగేటప్పుడు కీచుమంటే కుట్టుమిషను నూనె వేయకండి, అది కడుపులోకి వెళ్తుంది. గట్టి క్యారట్ ఒక్కటే వరసగా వేస్తే స్క్రూ పొడిబారి అలా అరుస్తుంది. మధ్యమధ్య యాపిల్, కీరదోస వంటి నీరున్న ముక్కలు వేస్తే సర్దుకుంటుంది. అల్లం, కొత్తిమీర కాడలు అంగుళం ముక్కలుగా కోయండి, లేకపోతే పీచు స్క్రూకి తాడులా చుట్టుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు, నాలుగు రోజుల తర్వాత

అందరికీ ధన్యవాదాలు. సిలికాన్ బిళ్ళ లాగాను. ఏమి కనబడిందో రాయను. నిమ్మ ఉప్పు నీళ్ళలో బుడగలు వచ్చాయి, రెండోసారికి కన్నాలు దాదాపు అన్నీ తెరుచుకున్నాయి, ఈ రోజు పిప్పి మళ్ళీ పొడిగా వచ్చింది. ఇరుసు దగ్గర జిగురేమీ లేదు. ఇక తెల్ల ప్లాస్టిక్ గిన్నెకు పట్టిన క్యారట్ రంగు ఒక్కటే మిగిలింది.

రెండవ జవాబు ఇచ్చినవారు

క్యారట్ రంగు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. దూదితో కొద్దిగా కొబ్బరి నూనె ఆ ప్లాస్టిక్‌కు మాత్రమే పూసి, పది నిమిషాలు ఆగి, అంట్లు తోమే ద్రవం వేసి కడిగేయండి. రబ్బరు, సిలికాన్ భాగాలకు నూనె తగలనివ్వకండి.