లాక్ మీద 1864, మూత మీద 1870: ఈ పాత స్ప్రింగ్‌ఫీల్డ్ ఏ కాలంది?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేముండేది పెన్సిల్వేనియాలో. మా వీధిలో ఒక పెద్దాయన పోయాక వాళ్ళ పిల్లలు ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారు, అందులో ఒక పొడవాటి పాత రైఫిల్ కనబడితే ముచ్చటపడి కొన్నాను, హాల్లో గోడకి పెడదామని. "ఇది సివిల్ వార్‌ నాటిది, గెటిస్‌బర్గ్ యుద్ధంలో వాడారు" అని చెప్పారు. ఇంటికి తెచ్చి చూస్తే కుడి పక్కన ఇనప పలక మీద గద్ద బొమ్మ, యు.ఎస్. స్ప్రింగ్‌ఫీల్డ్ అన్న అక్షరాలు, హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే పడే సుత్తి ముక్క) వెనకాల 1864 అని ఉన్నాయి. అయితే గొట్టం వెనక భాగంలో పైకి మూతలాగా తెరుచుకునే ముక్క ఒకటుంది, దాని మీద 1870 అని ఉంది. ఎడమ పక్క చెక్క మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, లోపల అక్షరాలేవో అరిగిపోయి ఉన్నాయి. రెండు సంవత్సరాల్లో ఏది నమ్మాలి? అసలు ఇది నిజమైనదేనా, ఈమధ్య చేసిన నకలా? ఇంట్లో ఉంచుకోవచ్చా? మా ఆవిడ దాన్ని గరాజ్ దాటి లోపలికి రానివ్వనంటోంది, నాకూ కాస్త టెన్షన్‌గానే ఉంది.

జవాబు:

ముందు తుపాకీలో మందుగానీ తూటాగానీ ఉందేమో చూడండి, గుర్తుల సంగతి తర్వాత. పాత తుపాకులు దశాబ్దాల తరబడి లోపల మందుతోనే గోడలకి వేలాడిన సందర్భాలు చాలా ఉన్నాయి. మీది మూత తెరుచుకునే రకం కాబట్టి సులువు. గొట్టం మనుషులు లేని వైపుకి పెట్టి, హ్యామర్‌ని సగం వెనక్కి లాగి, మూత కుడి పక్కనున్న చిన్న మీట ఎత్తితే మూత ముందుకి తిరగబడుతుంది. లోపల తూటా ఉందో లేదో టార్చ్ వేసి చూడండి. మీట బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకండి, తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి. ముందు నుంచి మందు దట్టించే రకం ఉన్నవాళ్ళు ఇంకో పద్ధతిలో చూడాలి: సన్నటి చెక్క కడ్డీని మెల్లగా గొట్టంలోకి చివరిదాకా దించి, మూతి దగ్గర కడ్డీ మీద గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి కొలవాలి. కడ్డీ గొట్టం వెనక చివరకి రెండు మూడు అంగుళాల ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉన్నట్టే, దాన్ని మీరు ముట్టుకోవద్దు.

ఇక మీ రైఫిల్. నా లెక్కలో 1864, 1870 రెండూ నిజమే. వాటిలో ఏదీ తుపాకీ మొత్తానికి పుట్టినతేదీ కాదు, అంతే. అమెరికన్ పాత రైఫిళ్ళ మీద ఏ గుర్తయినా అది ఉన్న ముక్క గురించి మాత్రమే చెబుతుంది. లాక్ అంటే హ్యామర్ బిగించి ఉన్న ఆ ఇనప పలకా దాని యంత్రమూ. లాక్ మీది సంవత్సరం లాక్‌ది, మూత మీది సంవత్సరం మూతది. కొత్తగా చూసేవాళ్ళు ఒక్క గుర్తు కనబడగానే దాన్నే పట్టుకుని తుపాకీకి పేరు పెట్టేస్తారు, అమ్మేవాళ్ళు కూడా అదే చేస్తారు.

మీ దాని కథ ఇది. స్ప్రింగ్‌ఫీల్డ్ అంటే మసాచుసెట్స్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం, 1794లో నిర్ణయం జరిగి కొద్ది కాలానికే తయారీ మొదలైంది, 1968లో మూసేశారు, ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. సివిల్ వార్‌లో అక్కడ తయారైనవి ముందు నుంచి మందు దట్టించే 0.58 అంగుళాల రైఫిళ్ళు. యుద్ధం అయ్యాక లక్షల కొద్దీ అవీ వాటి విడిభాగాలూ మిగిలిపోయాయి. అప్పటికి లోహపు తూటాల కాలం వచ్చేసింది, పాతవాటిని పారేయడం దండగ. అక్కడ తయారీ పనికి పెద్ద (మాస్టర్ ఆర్మరర్) అయిన ఎర్స్కిన్ ఆలిన్ గొట్టం వెనక భాగం కోసి పైన తెరుచుకునే మూత పెట్టే పద్ధతి తయారుచేశాడు. దాన్నే ట్రాప్‌డోర్ అంటారు. మొదట వచ్చిన ముఖ్యమైన రకాల్లో 1866 మోడల్‌లో పాత గొట్టాన్నే ఉంచి, లోపల సన్న గొట్టం దూర్చి 0.50కి తెచ్చారు. తర్వాత 1868 మోడల్‌లో కొత్త గొట్టం, దాని వెనక మూతని పట్టి ఉంచే రిసీవర్ అనే ముక్క విడిగా పెట్టారు. లాక్‌లు మాత్రం గోదాములో మిగిలినవే వాడారు, అందుకే యుద్ధకాలపు సంవత్సరం వాటి మీద అలాగే ఉండిపోయింది.

మీది 1868 మోడల్ అని నా ఊహ. గట్టిగా చెప్పాలంటే మూడు సంగతులు చూసి చెప్పండి. గొట్టాన్ని చెక్కకి పట్టి ఉంచే ఇనప పట్టీలు రెండా మూడా? 1866 మోడల్‌కి మూడుంటాయి, 1868కి రెండు. గొట్టం మూతిలోకి చూస్తే గొట్టం లోపల ఇంకో సన్న గొట్టం అంచు ఉంగరంలాగా కనబడుతోందా? కనబడితే 1866 వైపు వెళ్ళాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎడమ పక్కన చెక్కకి కాస్త పైన గొట్టం మీదా, దాని వెనకే రిసీవర్ మీదా నంబర్లున్నాయా? 1868 మోడల్‌కి రెండు చోట్లా ఒకే నంబరు కొట్టారు. రెండూ కలిస్తే ఆ గొట్టం, ఆ రిసీవర్ మొదటి నుంచీ జోడీ అన్నమాట. కలవకపోతే మధ్యలో ఎవరో ముక్కలు మార్చారు.

గెటిస్‌బర్గ్ మాట మర్చిపోండి. ఆ యుద్ధం జరిగింది 1863 జులై మొదట్లో. 1864 అని కొట్టిన లాక్ అప్పటికి పుట్టనే లేదు, ట్రాప్‌డోర్ మూత అయితే అసలు ఆలోచనలో కూడా లేదు. అమ్మినవాళ్ళు కావాలని అబద్ధం చెప్పారని అనను, తాతలు చెప్పిన మాటే చెప్పి ఉంటారు. కానీ ఆ మాటకి మీరు ఎక్కువ డబ్బులు పెట్టి ఉంటే బాధే.

చెక్క మీది కోడిగుడ్డు ఆకారం గుర్తుని కార్టూష్ అంటారు, పరీక్షించి ఒప్పుకున్న అధికారి పొడి అక్షరాలు అందులో ఉంటాయి. మీ దాంట్లో ఇ, ఎస్, ఎ అన్న అక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్టు కనిపిస్తే అది సాక్షాత్తూ ఎర్స్కిన్ ఆలిన్ గుర్తే. గొట్టం వెనక భాగంలో వి, పి అక్షరాలు, కింద గద్ద తల ఉంటే, చూశాం, పరీక్షించాం అని అర్థం. పట్టీల మీద యు అని ఒక్క అక్షరం ఉంటే చాలామంది యూనియన్ సైన్యం అనుకుంటారు. అది పట్టీ ఏ వైపు పైకి రావాలో చెప్పే గుర్తు మాత్రమే.

అరిగిన అక్షరాలు చదవడానికి గది చీకటి చేసి, టార్చ్‌ని పలకకి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. ఎదురుగా వెలుగు పడితే ఏమీ కనబడదు, పక్కనుంచి పడితే లోతున్న ప్రతి గీత నీడ పట్టుకుంటుంది. టార్చ్‌ని నాలుగు వైపులా తిప్పుతూ ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టుకుంటే 3 కి 8 కి తేడా తెలిసిపోతుంది. ఇనుము మీద అయితే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దినా అచ్చు వస్తుంది. వైరు బ్రష్షు, ఇసుక కాగితం, తుప్పు వదిలించే ద్రావకం, ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. అక్షరం అంచులు ఒకసారి అరిగితే ఇక రావు, అలా రుద్ది మెరిపించిన తుపాకీ ధర కూడా దారుణంగా పడిపోతుంది.

నకలా అన్న అనుమానానికి: ఇటలీలో చేసిన నకళ్ళ గొట్టం మీద, చాలాసార్లు చెక్క కింద దాగేచోట, నక్షత్రమున్న చిన్న పరీక్షా ముద్రలు, చదరం గడిలో రెండక్షరాల సంవత్సర సంకేతం ఉంటాయి. బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకీ మందు) మాత్రమే వాడాలి అన్న ఇంగ్లిష్ మాట కూడా గొట్టం మీద కొడతారు. 1870 ప్రాంతంలో అలా రాయాల్సిన పనే లేదు, అప్పుడున్నది ఆ మందే కదా.

చట్టం సంగతి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లోగానీ అంతకుముందుగానీ తయారైన తుపాకీ యాంటిక్ కింద వస్తుంది, మామూలు తుపాకీ నిబంధనలు దానికి వర్తించవు. మన వాళ్ళలో హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నా: ఆ వీసాల మీద ఉన్నవాళ్ళు కొద్ది మినహాయింపులు తప్ప మామూలు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. అందుకే తయారీ కాలం తేలడం మీకు సరదా విషయం కాదు, అవసరం. రాష్ట్రానికో రూలు ఉంటుంది, అది ఒక లాయర్‌ని అడిగి తెలుసుకోండి. తూటాలు మాత్రం అలంకారానికి కూడా కొనకండి.

ఇంకొకరి ప్రశ్న:

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి అన్నా. మా మామయ్యగారు ఒహాయోలో ఒక పొడవాటి చెకుముకి తరహా రైఫిల్ కొన్నారు, గొట్టం ఎనిమిది పలకలు, చెక్క మీద ఇత్తడి మూత పెట్టె కూడా ఉంది. లాక్ మీద గోల్చర్ అని ఉంది. గోల్చర్ అనే ఆయన చేసిన తుపాకీ అని ఆయన అందరికీ చూపిస్తున్నారు. నిజమేనా?

జవాబు:

లాక్ గోల్చర్‌ది. తుపాకీ ఆయనది కాకపోవడానికే ఎక్కువ అవకాశం. పెన్సిల్వేనియా వైపు ఊళ్ళలో రైఫిళ్ళు చేసిన చిన్న చిన్న పనివాళ్ళు లాక్‌ని సొంతంగా చేసుకునేది తక్కువ, ఫిలడెల్ఫియాలో గోల్చర్ల లాంటి వాళ్ళ దగ్గరో, ఇంగ్లండ్ నుంచి దిగుమతి చేసే దుకాణాల్లోనో కొని బిగించేవాళ్ళు. వారంటెడ్ అని రాసి ఉన్న లాక్‌లన్నీ అలా కొన్నవే అనుకోవచ్చు. గొట్టాలు కూడా కొనేవాళ్ళు. న్యూయార్క్ రాష్ట్రంలో ఇలియన్ ఊళ్ళోని రెమింగ్టన్ వాళ్ళు మొదట పేరు తెచ్చుకున్నది గొట్టాలు అమ్మే. గొట్టం కింది పలక మీద రెమింగ్టన్ అని కనబడిందని తుపాకీ మొత్తం రెమింగ్టన్ అయిపోదు.

అసలు పనివాడి సంతకం వెతకాల్సిన చోటు గొట్టం పై పలక, వెనక గురికీ గొట్టం వెనక చివరకీ మధ్య. కొందరు పేరు మొత్తం చెక్కారు, కొందరు వంపులు తిరిగిన రెండు మూడు పొడి అక్షరాలతో సరిపెట్టారు, కొందరు చిన్న వెండి రేకులో చెక్కి గొట్టంలో పొదిగారు. లాంకాస్టర్ హెన్రీ లెమన్ లాంటి పెద్ద తయారీదారులు పేరు, ఊరు రెండూ ముద్ర కొట్టారు. ఏమీ లేనివి కూడా బోలెడు ఉన్నాయి. అలాంటప్పుడు ఇత్తడి పెట్టె ఆకారం, భుజానికి ఆనే చెక్క మడమ వంపు, చెక్కడం పనిని బట్టి ఏ ప్రాంతపు పనో చెప్పగలిగేవాళ్ళు ఉంటారు, పేరు మాత్రం చెప్పలేరు. సెయింట్ లూయిస్ ఊళ్ళో పేరున్న తుపాకీ పనివాళ్ళైన హాకెన్ల పేరు గొట్టం మీద ఉంటే మటుకు వెంటనే సంబరపడొద్దు, ఆ పేరుకున్న గిరాకీ వల్ల దొంగ ముద్రలు బాగా పడ్డాయి. ముద్ర గుంటలోని అంచులు చుట్టూ ఉన్న ఇనుము అంత పాతగా ఉన్నాయో లేదో భూతద్దంతో చూడాలి. చుట్టూ గుంటలు పడ్డ తుప్పు ఉండి, అక్షరం మాత్రం పదునుగా నిలబడితే అది తర్వాత కొట్టినదే.

మామయ్యగారికి కాస్త నెమ్మదిగా చెప్పండి. సంతకం లేని మంచి రైఫిల్ కూడా విలువైనదే.

మరొకరి ప్రశ్న:

వించెస్టర్ కంపెనీ రైఫిళ్ళ సంగతి కూడా ఇంతేనా? నాకు తెలిసినవాళ్ళ దగ్గర మోడల్ 1873 అని రాసి ఉన్నది ఉంది, అంటే యాంటికే కదా, కొనొచ్చా?

జవాబు:

ఆగండి. 1873 అనేది ఆ డిజైన్ పుట్టిన సంవత్సరం. ఆ మోడల్ ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చాక కూడా తయారవుతూనే ఉంది. గొట్టం మీద 1860, 1866 అని కనిపించేవి పేటెంట్ తేదీలు, వాటితో మీకు పని లేదు. మోడల్ 1894 అయితే వందేళ్ళ తర్వాత కూడా చేశారు! కావాల్సింది సీరియల్ నంబరు. 1873కి అది ట్రిగ్గర్ వెనక, మడమ వైపు వెళ్ళే కింది ఇనప నాలుక మీద ఉంటుంది. ఆ నంబరు రాసుకుని వయోమింగ్ రాష్ట్రంలో కోడీ (Cody) అనే ఊళ్ళో ఉన్న ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియం వాళ్ళని అడగండి, పాత వించెస్టర్ ఫ్యాక్టరీ రికార్డులు వాళ్ళ దగ్గర ఉన్నాయి, ఫీజు తీసుకుని ఉత్తరం ఇస్తారు. గొట్టం మీద గుడ్డు ఆకారంలో డబ్ల్యు, పి అక్షరాలుంటే అది 1905 నుంచి మొదలైన పరీక్షా ముద్ర. పాత తుపాకీ రిపేరుకి ఫ్యాక్టరీకి వెళ్ళొచ్చినా ఆ ముద్ర పడుతుంది, కాబట్టి దాన్నొక్కదాన్నే చూసి తేల్చకండి. నంబరు తేలకుండా డబ్బులివ్వకండి.

మొదట అడిగినవారు:

చాలా థాంక్స్ అన్నగారూ. తూటా లేదు, లోపల ఖాళీ. పట్టీలు రెండే. మూతి దగ్గర లోపలి ఉంగరం లాంటిది లేదు. మీరు చెప్పినట్టు టార్చ్ పక్కనుంచి వేస్తే గొట్టం మీద నంబరు స్పష్టంగా వచ్చింది, రిసీవర్ మీది నంబరులో చివరి అంకె ఒక్కటి మసగ్గా ఉంది కానీ మిగతావన్నీ కలిశాయి. గద్ద తల ఉంది. చెక్క మీది గుర్తు మాత్రం చదవలేకపోతున్నా, ఎవరో మందంగా వార్నిష్ పూసినట్టుంది. అది గీకేసి చూడనా?

జవాబు:

గీకొద్దు. మీది 1868 మోడలే, 1870 మూత కాబట్టి సైన్యానికి చేరింది ఆ సంవత్సరంలోనో ఆ తర్వాతో. ఆ వార్నిష్ కింద కార్టూష్ చాలా లోతు తక్కువగా ఉంటుంది, గీకితే వార్నిష్‌తో పాటే పోతుంది. పాత చెక్క వస్తువులు బాగుచేసే అనుభవం ఉన్నవాళ్ళకి చూపించి, వాళ్ళు కనబడని మూల మీద పరీక్షించాకే ముందుకి వెళ్ళండి, లేదా అలాగే వదిలేయండి. లాక్ మరలు కూడా మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పకండి, మర తల చీలిక పాడైతే అది చూడగానే కొనేవాళ్ళు ధర తగ్గిస్తారు. ఇనుము మీద పల్చగా నూనె గుడ్డతో తుడవండి, ఉప్పు చెమట చేతులతో ముట్టుకోకండి. గోడకి పెట్టేటప్పుడు వంటగది ఆవిరి తగిలే గోడ, చిమ్నీ పైన గోడ వద్దు. మసగ్గా ఉన్న ఆ చివరి అంకె ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, టార్చ్ కింది నుంచి పైకి వేసి తీయండి, మిగతావాళ్ళం కూడా చూస్తాం.